డీబీఏ కోర్సుకు ముందే లైనక్స్ వచ్చి ఉండాలా?

కొత్తబ్యాచ్: డీబీఏ (డేటాబేస్ నిర్వహణ) శిక్షణలో చేరదామనుకుంటున్నాను. డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో జాయిన్లు, సబ్‌క్వెరీలు (క్వెరీ లోపల క్వెరీలు) రాయగలను. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అసలు తెలియదు. అది నేర్చుకునే రమ్మంటున్నారు. నిజంగా అవసరమా?

రాత్రిషిఫ్ట్: అవసరమే. ఒరాకిల్ డేటాబేస్‌లో ఆర్కైవ్ లాగ్‌లు (మార్పుల రికార్డు కాపీలు) పడే చోటు నిండితే డేటాబేస్ ఆగి కూర్చుంటుంది. అప్పుడు డిస్క్‌లో చోటు చూపే డీఎఫ్, డీయూ కమాండ్లు కొట్టి ఏది నిండిందో చూడలేనివాళ్లు ఏం చేస్తారు? లైనక్స్‌లో ఫైళ్లు దిద్దే వీఐ ఎడిటర్‌లోంచి బయటికి రావడం తెలియనివాళ్లనీ చూశాను.

సెలెక్ట్‌స్టార్: మళ్లీ వీఐ! అమెజాన్ ఆర్‌డీఎస్ లాంటి క్లౌడ్ డేటాబేస్ సర్వీసుల్లో మామూలుగా సర్వర్‌లోకి లాగిన్ కూడా ఇవ్వరు. ఎస్‌క్యూఎల్ గట్టిగా ఉండాలి. నాట్ ఇన్ సబ్‌క్వెరీలో ఒక్క నల్ (విలువ లేని గడి) ఉంటే ఫలితం ఎందుకు ఖాళీగా వస్తుందో తెలియనివాళ్లు క్వెరీల వేగం పెంచే ట్యూనింగ్ ఏం చేస్తారు?

రాత్రిషిఫ్ట్: అది కోర్సులో చెప్పుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పీజీ_ఎక్స్‌లాగ్ ఫోల్డర్‌ని ఉత్త లాగ్‌లనుకుని, డిస్క్ ఖాళీ చేద్దామని చెరిపేసినవాళ్లున్నారు. అందుకే 2017లో వచ్చిన 10వ వెర్షన్‌లో దాని పేరు పీజీ_వాల్‌గా మార్చారు.

సెలెక్ట్‌స్టార్: చెరిపారంటే ఆర్ఎం కమాండ్ వచ్చినట్టే కదండీ! వాళ్లకి తెలియనిది లైనక్స్ కాదు, రైట్ అహెడ్ లాగింగ్ (వాల్), అంటే ప్రతి మార్పునీ ముందు లాగ్‌లో రాసుకునే పద్ధతి. మీ ఉదాహరణ నా వైపే ఉంది.

చివరిబెంచీ: ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం, ఎంటర్. వీఐ గొడవ తీరింది.

రాత్రిషిఫ్ట్: మాటకారితనానికేం గానీ, మా బ్యాచ్‌లో ఇన్‌స్టలేషన్ రోజే సగం మంది ఫోల్డర్ పర్మిషన్ల దగ్గర ఇరుక్కుపోయారు. రోజూ అదే తంతు. ఆఖరికి టైమ్ చాలక బ్యాకప్, రికవరీ హడావిడిగా ముగించేశారు. ఫీజు నేనూ కట్టాను!

సెలెక్ట్‌స్టార్: అదీ, అసలు కోపం ఇప్పుడు బయటపడింది. లైనక్స్ కాదు, పక్కసీటువాళ్లు. నన్నొక శిక్షణ కేంద్రం లైనక్స్ రాదని చేర్చుకోనే లేదు. ఏం నేర్చుకుని రావాలో కూడా చెప్పలేదు. ఆ కాస్తా మొదటి వారంలో వాళ్లే నేర్పొచ్చు.

రాత్రిషిఫ్ట్: నేర్పనివ్వండి, వేరే బ్యాచ్ పెట్టి. నా రికవరీ క్లాసు తినేసి కాదు.

సెలెక్ట్‌స్టార్: ఆ మాట ఫీజు తీసుకుని అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టినవాళ్లని అడగండి. రానివాళ్లని ఎందుకు అంటారు?

రాత్రిషిఫ్ట్: అడిగాను. "సర్దుకోండి" అన్నారు.

కొత్తబ్యాచ్: ఇంతకీ ఆ నాట్ ఇన్ సంగతి ఎవరూ చెప్పలేదు. నాకూ తెలియదు.

సెలెక్ట్‌స్టార్: నల్‌తో దేన్ని పోల్చినా జవాబు నిజమూ కాదు, అబద్ధమూ కాదు, 'తెలియదు'. వేర్ షరతు నిజమైన వరుసలనే ఉంచుతుంది. అందుకే ఖాళీ. నాట్ ఎగ్జిస్ట్స్ వాడి చూడండి.