వరద సాయానికి చర్చి యూత్ టీం: బురద ఎత్తాలా, కిట్లు పంచాలా?

వాగొడ్డు:
వానాకాలం రాకముందే మన సంఘాల యూత్ టీంలు ఒక్కటి తేల్చుకోవాలె. 2023 జూలైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. వరంగల్‌ల ఎన్టీఆర్ నగర్, హంటర్ రోడ్ దిక్కు ఇండ్లల్లకు నీళ్లొచ్చినయి. అట్లాంటిది మళ్లొస్తే ఇరవై మంది పిల్లలను ఏ పనికి పంపాలె? బురద ఎత్తే పనికే అంటాన్నేను. కిట్లు పంచనీకి నలుగురు చాలు.

లెక్క చూడుండ్రి. పది అడుగులకు పన్నెండు గది, అర అడుగు ఒండ్రు. 60 ఘనపుటడుగులు, రెండున్నర టన్నులకు పైనే. తట్టకు 20 కిలోలు ఎత్తినా 125 తట్టలు. ఇంట్ల ఉన్నది ముసలామె, కోడలు, ఇద్దరు చిన్నపిల్లలైతే ఎవరెత్తాలె? రెండు రోజులు ఆగితే ఒండ్రు గట్టిపడుతది, అప్పుడు పార దిగదు, గడ్డపార కావాలె.

సండేస్కూల్ అక్క:
తమ్ముడూ, బురద మూడో రోజు మాట. మొదటి రెండు రోజులు కడుపు మాట. పొయ్యి, సిలిండర్, గిన్నెలు అన్నీ తడిసిన ఇంటికి బియ్యం బస్తా ఇస్తే ఎట్లా వండుతారు? ముందు వండిన అన్నమే పోవాలి. అదీ పులిహోర. చింతపండు పులుపుకు పొద్దున కలిపింది సాయంత్రం దాకా ఆగుతుంది. సాంబారన్నం మధ్యాహ్నానికే పాడవుతుంది.

మూడో రోజు నుంచి కిట్. ఐదుగురికి వారానికి బియ్యం 10 కిలోలు, కందిపప్పు కిలో, నూనె లీటరు, ఉప్పు, కారం, పసుపు, చింతపండు. అగ్గిపెట్టె పాలిథిన్ కవర్లో చుట్టి పెట్టాలి. మూత ఉన్న బకెట్, దోమతెర, ఓఆర్‌ఎస్ 5 ప్యాకెట్లు, శానిటరీ ప్యాడ్లు రెండు ప్యాకెట్లు. ప్యాడ్లు అబ్బాయిల చేత ఇప్పించొద్దు, మన ఆడపిల్లలే ఇంట్లోకి వెళ్లి ఇవ్వాలి. పాత బట్టలు మాత్రం తీసుకోవద్దు. వేరుచేసే సరికి ఒక రోజు పోతుంది, సగం రోడ్డు మీదే పడుంటాయి.

బావిగిలక:
నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. బావికి గుప్పెడు బ్లీచింగ్ చల్లి వచ్చేస్తారు, అది తప్పు. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు. మూడు మీటర్ల వెడల్పు బావిలో నాలుగు మీటర్ల నీళ్లుంటే సుమారు 28 వేల లీటర్లు, అంటే 70 గ్రాములు. పొడిని కొద్ది నీళ్లతో ముద్ద చేసి, బకెట్ ముప్పాతిక నింపి కలపాలి. పది నిమిషాలకు సున్నం అడుగుకు దిగుతుంది. పైనీళ్లు వేరే బకెట్‌లోకి వంచి, దాన్ని బావిలోకి దించి తిప్పాలి. సున్నం బావిలో పడొద్దు. గంట ఆగి క్లోరోస్కోప్‌తో, అంటే నీళ్లలో క్లోరిన్ ఎంతుందో రంగుతో చూపే పరికరంతో చూస్తే, లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి.

వాగొడ్డు:
వరద నీళ్లు కలిసిన బావికి 70 గ్రాములు ఏం సరిపోతయి? బురదే క్లోరిన్‌ను తినేస్తది.

బావిగిలక:
అందుకే ముందు తోడించాలి, పటికతో తేర్చాలి, ఆ తర్వాతే బ్లీచింగ్. గంటకు రంగు రాకపోతే మళ్లీ వేయాలి. అసలు మూట విప్పి నెల దాటిన పొడిలో ఘాటు ఉండదు. చెమ్మ తగిలిందంటే 70 గ్రాములేసినా సున్నం నీళ్లే.

మడికొండ:
గంబూట్లు, రబ్బరు గ్లౌజులు లేని పిల్లలను దింపొద్దు. బురదలో గాజుపెంకులు, పాములు ఉంటాయి.

సండేస్కూల్ అక్క:
70 గ్రాముల మీదనే ఎంతసేపు? బావులున్న ఇండ్లు ఎన్ని? ఇప్పుడు చాలా ఇండ్లలో మిషన్ భగీరథ సర్కారు నల్లా, సంపు. రెండు వేల లీటర్ల సంపుకు 5 గ్రాములు, అంతే.

బావిగిలక:
సంపును ముందు తోడి, గోడలు రుద్ది, ఆ తర్వాత 5 గ్రాములు. ఆ వరుస తప్పితే లెక్క తప్పినట్టే.

వాగొడ్డు:
నా ముచ్చట పక్కకు పోతాంది. బురద ఎత్తుడు అంటే పార పట్టుకొని ఉరుకుడు కాదు. ముందు కరెంటు మెయిన్ బంద్ చెయ్యాలె, ఇన్వర్టర్ వైరు తీయాలె. గోడ మీద నీళ్లు వచ్చిన గీత కనపడేటట్టు ఫోటోలు తీయాలె. రెవెన్యూ వాళ్లు పంచనామాకు వచ్చేసరికి ఇల్లు తళతళలాడితే నష్టం ఏం రాసుకుంటరు? మట్టిగోడ ఇల్లైతే పునాది దగ్గర బీట చూసినంకనే లోపలికి. ఎనుక గదితోని మొదలుపెట్టి వాకిలి దిక్కు రావాలె. ఎత్తింది మోరీల వెయ్యొద్దు, మోరీ పూడితే వచ్చే వానకు అదే ఇంట్లకు మళ్ల నీళ్లు. రోడ్డు పక్కన కుప్ప పోస్తే ట్రాక్టర్ ఎత్తుకపోతది.

కరీమాబాద్ బ్రదర్:
ఇవన్నీ సరే. ఎవరి ఇంటికి ముందు పోవాలో చెప్పండి. మన విశ్వాసుల ఇండ్లు మునిగితే ఊరంతా తిరిగొచ్చాక చూస్తారా? పాస్టరు గారి లిస్టు ఉంటుంది, దాని ప్రకారం పోవాలి. గలతీ 6:10 విశ్వాస గృహానికి చేరినవారి యెడల విశేషంగా అంటుంది.

వాగొడ్డు:
అదే వచనంల ముందున్నది "అందరియెడలను". లిస్టుల పేరున్న ఇంటికి పోవుటానికి, పేరు లేని పక్కింటి ముందుకెళ్లి తట్టలతోని నడుస్తరా? ఆ ఇంటోళ్లు వాకిట్ల నిలబడి చూస్తుంటే?

కరీమాబాద్ బ్రదర్:
మా వాడకు ఏ టీమూ రాలేదు. ఎవరి లిస్టులోనూ మేం లేం. సంఘం కూడా మమ్మల్ని వదిలేస్తే ఇంకెవరున్నారు?

సండేస్కూల్ అక్క:
బ్రదర్, ఈ మాట ముందే చెప్తే ఇంత వాదన ఉండేది కాదు. ఎస్సీ కాలనీ వాగు పక్కన పల్లంలో ఉంటే, నీళ్లు ముందు వచ్చేది అక్కడికే, సాయం ఆఖర్న వచ్చేదీ అక్కడికే. మన విశ్వాసుల్లో చాలా మంది ఉండేదీ అక్కడే. మీరు విశ్వాసులు ముందు అంటున్నది అందుకే అయితే, పల్లం ముందు అనండి. పల్లంలో ఎవరున్నా వాళ్లే ముందు.

కరీమాబాద్ బ్రదర్:
పల్లం ముందు అంటే ఒప్పుకుంటా. మరి కిట్ ఇచ్చేముందు ప్రార్థన?

వాగొడ్డు:
కిట్ చేతిల పట్టుకొని వద్దు. 1994ల రెడ్‌క్రాస్, మిగతా సహాయ సంస్థలు కలిసి ఒప్పుకున్న నియమావళిల కూడా మత ప్రచారానికి సాయం వాడొద్దనే ఉన్నది. ఆకలిగొన్నోడు వద్దని ఎట్ల అంటడు? పని అయినంక వాళ్లే అడిగితే చేయుండ్రి.

కరీమాబాద్ బ్రదర్:
అడగకపోతే ప్రార్థన లేకుండా తిరిగి రావడం నా మనసుకు ఒప్పదు. బయలుదేరే ముందు చర్చిలో చేసుకుంటాం, వచ్చాక చేసుకుంటాం. ఆ ఇంటి గడప దగ్గర సంగతి పాస్టరు గారిని అడిగాకే చెప్తా.

మడికొండ:
అడిగేలోపు గంబూట్లు కొనండి. 6 నుంచి 10 దాకా అన్ని సైజులూ కావాలి, పిల్లల పాదాలు రాసుకుని తెండి.