నియోబియం 4డి⁴ 5ఎస్¹, వెనేడియం 3డి³ 4ఎస్²: తేడా ఎక్కడ?

పరివర్తన మూలకాల ఎలక్ట్రాన్ విన్యాసం గురించి ఒక సందేహం. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

మొదటి వరుసతో (3డి నిండే మూలకాలు) ఇబ్బంది లేదు. ఎన్+ఎల్ విలువ (ప్రధాన, కోణీయ క్వాంటం సంఖ్యల మొత్తం; తక్కువున్నది ముందు నిండుతుంది) 4ఎస్‌కి 4, 3డికి 5 కాబట్టి ముందు 4ఎస్ నింపుతాం. ఐరన్ 3డి⁶ 4ఎస్². అయాన్‌లో మాత్రం ముందు పోయేవి 4ఎస్ ఎలక్ట్రాన్లే, ఫెర్రస్ (Fe²⁺) 3డి⁶. పిల్లలు 3డి⁴ 4ఎస్² అని రాసి మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. క్రోమియం (3డి⁵ 4ఎస్¹), కాపర్ (3డి¹⁰ 4ఎస్¹) మినహాయింపులకి సగం నిండిన, పూర్తిగా నిండిన డి ఆర్బిటాళ్ల స్థిరత్వం చెబుతాం.

రెండో వరుసలో ఆ కారణం నిలవదు. రుథీనియం 4డి⁷ 5ఎస్¹, రోడియం 4డి⁸ 5ఎస్¹. సగమూ కాదు, పూర్తీ కాదు. పల్లాడియంలోనైతే 5ఎస్ ఖాళీ, 4డి¹⁰. మూడో వరుసలో టంగ్‌స్టన్ మళ్లీ 5డి⁴ 6ఎస్². సాపేక్షతా ప్రభావంతో (బరువైన పరమాణువుల్లో ఎలక్ట్రాన్ల అధిక వేగం వల్ల వచ్చేది) 6ఎస్ కుంచించుకుని శక్తి తగ్గుతుందంటే అది అర్థమవుతుంది.

అసలు చిక్కు నియోబియం. డి³ నుంచి డి⁴కి వెళ్తే డి ఎలక్ట్రాన్ల వినిమయ జతలు (ఒకే స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్ల జతలు, ఎక్కువైతే స్థిరత్వం పెరుగుతుంది) 3 నుంచి 6 అవుతాయి, ఎస్‌లో జత కూడా విడిపోతుంది. సరే, కానీ వెనేడియంకీ ఇదే లెక్క కదా! అది ఎందుకు మారలేదు? 4డి ఎక్కువ విస్తరించి ఉండటంతో వికర్షణ తగ్గడమే కారణమా? డిగ్రీ విద్యార్థి కాగితం మీద చేయగలిగే లెక్కతో దీన్ని చూపించే పద్ధతి ఉంటే, అంకెలతో సహా వివరించండి.