సీరియల్ పోర్టు తెరుచుకుంటోంది, మొదటి కమాండు మాత్రం పోతోంది (ఆర్డుయినో ఊనో, పైథాన్)

ప్రశ్న:
విండోస్ కంప్యూటర్ నుంచి పైసీరియల్‌తో (పైథాన్‌లో సీరియల్ పోర్టు వాడుకునే లైబ్రరీ) ఊనో మైక్రోకంట్రోలర్ బోర్డుకి కమాండ్లు పంపుతున్నాను. ఎస్ అక్షరం, పక్కనే 120 పంపితే బోర్డు సర్వోని (చెప్పిన కోణానికి తిరిగే మోటారు) 120 డిగ్రీలకి తిప్పి ‘ఓకే’ అనాలి. ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లోని సీరియల్ మానిటర్‌లో టైప్ చేస్తే అంతా సరిగ్గానే ఉంది. పైథాన్ నుంచి పంపితే మొదటి కమాండు ప్రతిసారీ పోతోంది. తర్వాతవి అందుతున్నాయి కానీ ఒక్కో జవాబుకి సెకను పడుతోంది. బాడ్ రేటు (సెకనుకి వెళ్లే బిట్లు) రెండు వైపులా 9600. కేబుల్ మార్చినా అంతే.

జవాబు 1:
కేబుల్ తప్పు కాదండీ. పోర్టు తెరిచినప్పుడల్లా ఊనో రీసెట్ అవుతుంది. డీటీఆర్ లైను (కంప్యూటర్ సిద్ధమని బోర్డుకి చెప్పే తీగ) 100 నానోఫారడ్ కెపాసిటర్ ద్వారా రీసెట్ పిన్నుకి కలిసి ఉంటుంది. పైసీరియల్ పోర్టు తెరవగానే డీటీఆర్ మారుతుంది, బోర్డు మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. అప్పుడు ముందు నడిచేది మీ స్కెచ్ (మీరు బోర్డుకి రాసిన ప్రోగ్రామ్) కాదు, బూట్‌లోడర్ (కొత్త స్కెచ్‌ని ఎక్కించుకునే చిన్న ప్రోగ్రామ్). ఆ కాసేపట్లో మీరు పంపినవి దాని పాలవుతాయి. మానిటర్‌లో మీరు టైప్ చేసేలోపు ఆ సమయం ఎటూ గడిచిపోతుంది కాబట్టి తేడా కనపడదు.

పోర్టు తెరిచాక 2 సెకన్లు స్లీప్ పెట్టి చూడండి. అది పరీక్షకే. అసలు పద్ధతి ఏమిటంటే, సెటప్ (స్కెచ్‌లో మొదట ఒక్కసారి నడిచే భాగం) చివర బోర్డు ‘రెడీ’ అని ఒక లైను పంపాలి, అది వచ్చేదాకా ప్రోగ్రామ్ ఏమీ పంపకూడదు. ఒక్కో కమాండుకి పోర్టు తెరిచి మూసే అలవాటుంటే మానెయ్యండి. రీసెట్ అసలే వద్దనుకుంటే రీసెట్, గ్రౌండ్ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టొచ్చు (ప్లస్ కాలు రీసెట్ వైపు). స్కెచ్ ఎక్కించేటప్పుడు మాత్రం దాన్ని తీసెయ్యాలి, లేకపోతే అప్‌లోడ్ అవ్వదు.

అడిగినవారు:
స్లీప్ పెడితే మొదటి కమాండు అందింది, థాంక్సండీ. సెకను ఆలస్యం అలాగే ఉంది. బోర్డులో అంకె చదవడానికి పార్స్‌ఇంట్ వాడాను.

జవాబు 2:
దొరికింది. పార్స్‌ఇంట్‌కి అంకె కాని అక్షరం ఏదైనా వస్తేనే సంఖ్య అయిపోయిందని తెలుస్తుంది. 120 తర్వాత ఏమీ రాకపోతే, తర్వాత 1200 అవుతుందేమోనని టైమ్‌అవుట్ దాకా చూస్తుంది. ఆ టైమ్‌అవుట్ మామూలుగా 1000 మిల్లీసెకన్లు, మీ సెకను అదే. మానిటర్‌లో కింద ‘న్యూలైన్’ ఎంచి ఉంటుంది, అందుకే అక్కడ ఆలస్యం లేదు. పైథాన్‌లో ప్రతి కమాండు చివర బ్యాక్‌స్లాష్ ఎన్ (న్యూలైన్ గుర్తు) చేర్చి పంపండి.

ఇంకా మంచిది, పార్స్‌ఇంట్‌నే వదిలెయ్యడం. లూప్‌లో (స్కెచ్‌లో పదేపదే నడిచే భాగం) వచ్చిన అక్షరాలను 16 బైట్ల అరేలో పోగుచేస్తూ, న్యూలైన్ రాగానే చివర సున్నా బైటు (అక్షరాలు అయిపోయాయనే గుర్తు) పెట్టి లైను మొత్తాన్ని ఒకేసారి విప్పుకోండి. 15 అక్షరాలు దాటితే ఆ లైను పారెయ్యండి. ఈ లూప్‌లో డిలే వద్దు. ఊనో రిసీవ్ బఫర్ (వచ్చిన బైట్లు స్కెచ్ చదివేదాకా ఆగే చోటు) 64 బైట్లే. 9600 దగ్గర ఒక్కో బైటుకి సుమారు 1.04 మిల్లీసెకన్లు, అంటే 67 మిల్లీసెకన్లలో నిండిపోతుంది. అదే 115200 అయితే 5.5 మిల్లీసెకన్లు చాలు. నిండాక వచ్చిన బైట్లు చప్పుడు లేకుండా పోతాయి, ఏ ఎర్రరూ రాదు. ‘ఓకే’ వచ్చాకే తర్వాతి కమాండు పంపితే ఈ బెడద ఉండదు.

పైథాన్ వైపు ఇంకో రెండు విషయాలు. బోర్డు వాడే ప్రింట్ఎల్ఎన్ లైను చివర రెండు అక్షరాలు, క్యారేజ్ రిటర్న్, న్యూలైన్ పంపుతుంది. పైథాన్‌లో లైను చదివే రీడ్‌లైన్ వాటితో సహా బైట్లుగానే ఇస్తుంది. డీకోడ్ (బైట్లను అక్షరాలుగా మార్చడం), స్ట్రిప్ (చివరి ఆ రెండూ తీసెయ్యడం) చెయ్యకుండా ‘ఓకే’తో పోలిస్తే ఎప్పటికీ సరిపోలదు. పోర్టు తెరిచేటప్పుడు టైమ్‌అవుట్ ఇవ్వకపోతే, జవాబు రానప్పుడు రీడ్‌లైన్ అక్కడే ఆగిపోతుంది.

జవాబు 3:
‘రెడీ’ లైనుతో ఇంకో లాభముంది. పని మధ్యలో అది మళ్లీ కనిపించిందంటే బోర్డు రీసెట్ అయినట్టే. సర్వో ఉన్నచోట ముందు అనుమానించాల్సింది పవర్‌ని. బోర్డు 5 వోల్టుల పిన్ను నుంచే సర్వోకి ఇస్తే, అది కదిలేటప్పుడు లాగే కరెంటుకి వోల్టేజీ పడిపోతుంది. సర్వోకి వేరే 5 వోల్టుల సప్లై ఇచ్చి, దాని గ్రౌండుని బోర్డు గ్రౌండుతో కలపండి. ఆ గ్రౌండు కలపకపోతే సర్వో పిచ్చిగా వణుకుతుంది.

అడిగినవారు:
న్యూలైన్ చేర్చగానే ఆలస్యం పోయింది. ‘రెడీ’ పెట్టి చూస్తే 150 డిగ్రీలు దాటినప్పుడల్లా మళ్లీ వస్తోంది. వేరే సప్లై పెడుతున్నాను.