బడిలో చేర్చేటప్పుడు ఆటిజం సంగతి ముందే చెప్పాలా, దాచాలా?

నాగావళి_గట్టు

మాది శ్రీకాకుళం. బాబుకి ఈ మే నెలతో ఆరేళ్ళు నిండుతాయి, జూన్‌లో ఒకటో తరగతిలో వెయ్యాలి. మూడేళ్ళప్పుడు విశాఖ తీసుకెళ్తే ఆటిజం అని చెప్పారు. మాటలు వచ్చు, కానీ మనలా వాడడు. ఎక్కడినుంచైనా వెళ్ళిపోవాలనిపిస్తే "ఇంటికెళ్దాం" అనడు, కండక్టర్‌లా "రైట్ రైట్" అంటాడు. బస్సు బోర్డులన్నీ కంఠతా వచ్చు. "శ్రీకాకుళం, పాలకొండ, వయా ఆమదాలవలస" అని మొదలుపెడితే అరగంట ఆగడు. కుక్కర్ విజిల్ వేసిందంటే చెవులు మూసుకుని మంచం కిందికి దూరిపోతాడు.

ఇప్పటికి రెండు ప్రైవేటు బళ్ళు అయ్యాయి. మొదటి చోట ఫైలు పట్టుకెళ్ళి అన్నీ చెప్పాను. ప్రిన్సిపాల్ గారు టీ ఇప్పించారు, ఓపిగ్గా విన్నారు, "సీట్లు అయిపోయాయమ్మా" అన్నారు. ఆ సాయంత్రమే మా కింద వాటా వాళ్ళ పాపకి అక్కడ సీటిచ్చారు. రెండో చోట యూకేజీలో వేసేటప్పుడు అత్తయ్యగారి మాట విని ఏమీ చెప్పలేదు. "మాటలు కాస్త ఆలస్యం, అంతే" అని సరిపెట్టాం. పదకొండో రోజు ఫోన్ వచ్చింది, వచ్చి తీసుకెళ్ళిపోమని. కట్టిన ఫీజులో సగం కూడా వెనక్కి రాలేదు.

చెప్పినా పోయింది, చెప్పకపోయినా పోయింది. మూడోసారి ఏం చెయ్యమంటారు?

తోటపల్లి_కాలువ

అక్కా, చెప్పకండి. దెబ్బతిన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

మావాడికి ఏడీహెచ్‌డీ, అంటే ఒకచోట కుదురుగా ఉండలేడు, దేనిమీదా ధ్యాస నిలవదు. రెండో తరగతిలో ఉండగా మంచికే కదా అని మేమే క్లాస్ టీచర్‌కి చెప్పాం. ఆ మర్నాటినుంచి ఎవరి పెన్సిల్ పోయినా ముందు మావాడి సంచీయే వెతికేవారు. ఓసారి ఎవరో ఎవరి నీళ్ళ సీసానో పగలగొడితే మావాడి పేరున ఎర్రసిరాతో ఫిర్యాదు రాసి పక్కింటి పిల్లాడి చేత పంపారు. ఆ రోజు వాడు జ్వరంతో ఇంట్లో పడుకుని ఉన్నాడు!

పోనీ చెబితే వచ్చేదేమైనా ఉందా? 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు రాశారు. ఆటిజం ఉంది, చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా లాంటివి ఉన్నాయి, ఏడీహెచ్‌డీ పేరే లేదు. మాకు ముద్ర దక్కింది, హక్కు దక్కలేదు.

సుద్దముక్క

చీపురుపల్లి దగ్గర ఓ ఊళ్ళో ఎస్జీటీని, అంటే ప్రాథమిక తరగతుల టీచర్‌ని. ఇంట్లోవాళ్ళు చెప్పకపోతే ఏమవుతుందో నా తప్పుతోనే చెబుతాను.

మా బళ్ళో గంట అంటే వేపచెట్టుకి వేలాడదీసిన రైలు పట్టా ముక్క. ఒకటో తరగతి పిల్లాడొకడు గంట మోగగానే బెంచీ కిందికి పోయేవాడు. మొండితనం అనుకున్నాను. చెయ్యి పట్టి లాగాను. కరిచాడు. మచ్చ ఇంకా ఉంది. నెల రోజులు రోజుకి నాలుగుసార్లు అదే యుద్ధం. ఆఖరికి ఓ రోజు వాళ్ళ నానమ్మ వచ్చి, "ముందు వాడికి చెప్పి గంట కొట్టండి బాబూ, ఇంట్లో మిక్సీ వేసినా చెప్పే వేస్తాం" అంది. ఆ ముక్క జూన్‌లోనే చెప్పి ఉంటే!

మర్నాడు ఇనప కడ్డీ తీసి వాడి చేతికే ఇచ్చాను. పట్టుకోలేదు. మూడు రోజులు నా పక్కన నిలబడి చూశాడు. నాలుగో రోజు కడ్డీని పట్టాకి అలా తాకించాడు, టింగుమని. దసరా సెలవులనాటికి బడి గంట పూర్తిగా వాడి డ్యూటీ. శబ్దం కన్నా అది ఎప్పుడొచ్చి పడుతుందో తెలీకపోవడమే వాడి బాధ అని నాకప్పుడు అర్థమైంది.

తోటపల్లి గారూ, మీ టీచర్ చేసింది తప్పే. కానీ ఆ తప్పుకి మందు నాలాంటివాడికి కూడా చెప్పకపోవడం కాదు.

ఉద్దానం_కొబ్బరి

మాస్టారూ, మీ కత బావుంది. నాను అవతలి పక్కనుంచి మాటాడతాను, కోపం పడకండి.

మా గుంట యూకేజీ. పక్కన కూకున్న గుంటడు రెండుసార్లు కొరికీసినాడు. డాక్టర్ కాడికి తీసికెళ్ళి ఇంజిషన్ ఏయించినాం. బడోళ్ళని అడిగితే "ఆ బాబుకి ఏదో ఉందట, సర్దుకోండి" అన్నారు. ఏటుంది? ఏటి సర్దుకోవాల? క్లాసులో నలబై మంది, ఒక్క టీచరమ్మ. ఆయమ్మ ఆ గుంటడిని పట్టుకోవాలా, మిగతావోళ్ళకి అచ్చరాలు దిద్దించాలా? ఆ తల్లి మీద నాకు కోపం నేదు. ముందే తెలిత్తే మా గుంటని ఏరే వరసలో కూకోబెట్టమనీదాన్ని, అంతే.

నాగావళి_గట్టు

మీది ఉద్దానం కాబట్టి ఆ అమ్మ మీరు కారు. కానీ చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. మావాడూ కొరికాడు, రెండో బళ్ళో. ఆ పాప వాళ్ళిల్లు ఎక్కడో చెప్పండి, వెళ్ళి కనబడి వస్తానంటే చెప్పలేదు వాళ్ళు.

నోటరీ_స్టాంపు

చట్టం సంగతి ఒకసారి తేల్చుకుందాం. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళవాళ్ళకి. యూకేజీలో పంపేసినదాని మీద దాన్ని ఎత్తడం కష్టం. ఒకటో తరగతికి వచ్చేసరికి లెక్క వేరు. 13వ సెక్షన్ ప్రకారం చేర్చుకోవడానికి పిల్లలకి గానీ తల్లిదండ్రులకి గానీ వడపోత పరీక్ష పెట్టకూడదు. 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బడిలోంచి తీసెయ్యకూడదు. ఇక 2016 చట్టం. వైకల్యం 40 శాతమో అంతకన్నా ఎక్కువో అని ధ్రువపత్రం ఉంటే 6 నుంచి 18 ఏళ్ళ మధ్య దగ్గర్లోని బడిలోనైనా, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోనైనా ఉచితంగా చదివే హక్కుంది. 31వ సెక్షన్.

అయితే ఆ హక్కు అడగాలంటే కాగితం బల్ల మీద పెట్టాలి. ఓ పక్క దాస్తూ ఇంకో పక్క హక్కు అడగడం కుదరదు. ఆ ధ్రువపత్రం ఇచ్చేది సదరం శిబిరంలో, సచివాలయంలో దానికి స్లాట్ బుక్ చేసుకోండి అమ్మా.

తోటపల్లి_కాలువ

సదరం అనగానే ఊళ్ళో మొదటి ప్రశ్న, "నెలకి ఆరు వేల పింఛను వస్తుందా?" అని. పిల్లాడి సంగతి ఎవడికీ అక్కర్లేదు.

నాగావళి_గట్టు

మా మామయ్యగారి భయం అదే. పింఛను కోసం పిల్లాడికి లేని జబ్బు పేరు పెట్టించారంటారని.

వకీలు గారూ, చట్టం పట్టుకుని సీటు తెచ్చుకోవచ్చు, ఒప్పుకుంటాను. తెచ్చుకున్నాక వాణ్ణి ఏ మూల కూర్చోబెడతారో, ఎన్నిసార్లు బయట నిలబెడతారో వాడు ఇంటికొచ్చి చెప్పలేడు కదండీ. బస్సు బోర్డులు చెబుతాడు, అంతే.

రిసోర్స్_టీచర్

విజయనగరం జిల్లాలో భవిత కేంద్రంలో పనిచేస్తున్నాను, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది. చెప్పాలా వద్దా అని కొట్టుకుంటున్నారు గానీ, ఏం చెప్పాలన్నది ఎవరూ అడగలేదు.

"ఆటిజం" అని ఒక్క మాట అంటే ఒకరికి లెక్కల మేధావి కనిపిస్తాడు, ఇంకొకరికి మతిలేనివాడు కనిపిస్తాడు. మీ బాబు ఇద్దరికీ కనిపించడు. నేను తల్లులతో ఒక ఠావు కాగితం రాయిస్తాను. ఒకవైపే, తెలుగులో, ముత్యాల్లాంటి అక్షరాలక్కర్లేదు. మీరు రాసినదాన్ని బట్టి మీ కాగితం ఇలా ఉండొచ్చు: "రైట్ రైట్" అంటే బయటికి వెళ్ళాలని, రెండు నిమిషాలు వరండాలో నిలబడనిస్తే వాడే తిరిగొస్తాడు. పెద్ద శబ్దం వచ్చేముందు చెప్పండి. వెనకనుంచి వచ్చి పట్టుకోకండి. మొహంలోకి చూడకపోయినా వింటున్నాడు. బస్సు రూట్లు అడిగితే మీ దగ్గర కూర్చుంటాడు, అక్కడినుంచి అక్షరాలు మొదలుపెట్టొచ్చు, "పాలకొండ"లో "పా" ఎలాగూ ఉంది.

ఉద్దానం అమ్మ అడిగినదానికి కూడా జవాబు అందులోనే ఉండాలి. కొరికే ముందు ప్రతి పిల్లాడికీ ఏదో గుర్తు ఉంటుంది. కొందరు చొక్కా కాలర్ నములుతారు, కొందరు ఊగుతారు. మీవాడి గుర్తు మీకు తెలుసు. అది మొదటి వరసలో రాయండి. ఆటిజం అన్న పేరు ఆఖర్న చెప్పండి, అడిగితే.

టీచరమ్మ ఒక్కత్తే అన్నది నిజం. సుప్రీంకోర్టు 2021 తీర్పు తర్వాత, 2022లో కేంద్రం ప్రత్యేక ఉపాధ్యాయులకి లెక్క ఇచ్చింది. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పదిమంది పిల్లలకి ఒకరు, ఆ పైన పదిహేనుమందికి ఒకరు. ఇక్కడ నేను స్కూటీ మీద మండలం అంతా తిరుగుతున్నాను, ఒక్కో బడికి మళ్ళీ వెళ్ళేసరికి పిల్లలు నా మొహం మర్చిపోతున్నారు. ఆ కోపం నాకూ ఉంది.

ఇంకో మాట, పిల్లలకి 18 ఏళ్ళు వచ్చేదాకా చూసే డీఈఐసీలు, అంటే ఇలాంటి ఇబ్బందుల్ని ముందే గుర్తించి సాయపడే కేంద్రాలు, జిల్లా స్థాయిలో ఉంటాయి, 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద. డబ్బు కట్టక్కర్లేదు. విశాఖ తిరగలేనివాళ్ళు అక్కడ కనుక్కోండి.

సిరిమాను_కింద

నాకు 26. ఆటిజం అని రెండేళ్ళ క్రితం తెలిసింది, పైడిభీమవరంలో ఉద్యోగంలో చేరాక.

చిన్నప్పుడు ఏటా విజయనగరం పైడితల్లి జాతరలో సిరిమాను చూడ్డానికి మూడు లాంతర్ల కూడలి దగ్గరికి నాన్న భుజాన ఎక్కించుకుని తీసుకెళ్ళేవారు. డప్పులు మొదలవగానే నాన్న జుట్టు పీకేసేవాణ్ణి. ఇంటికొచ్చాక ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి దిష్టి తీసేవారు. ఐదో తరగతిలో మా సారు, పాపం మంచి ఉద్దేశంతోనే, క్లాసందరి ముందూ "వీడు మనలాంటివాడు కాదు, వీణ్ణి ఏమీ అనకండి" అన్నారు. పదో తరగతి వరకు నా పేరు "మనలాంటివాడుకాదు".

కాబట్టి టీచర్‌కి చెప్పండి, క్లాసుకి కాదు. ఇంకోటి, ఇందరు పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నారు, వాడికి ఎప్పుడు చెబుతారు? మా ఇంట్లో అనుమానం ముందే ఉందట. నాకు తప్ప అందరికీ తెలుసు.

తోటపల్లి_కాలువ

తమ్ముడూ, అదే కదా నేను మొదటినుంచీ అంటున్నది! ఒకరికి చెబితే అందరికీ చెప్పినట్టే. మేడం గారి ఠావు కాగితం బావుంది, దాన్ని ఫైల్లో పెట్టి ఫైలు బీరువాలో పెడతారు. టీచర్ మారిపోతే?

సుద్దముక్క

నేనైతే హాజరు పట్టీలో పెడతాను. సెలవు మీద వెళ్తే నా బదులు వచ్చినవాళ్ళు ముందు తెరిచేది దాన్నే.

నాగావళి_గట్టు

మూడు వారాలైంది, అందరూ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా.

కాగితం రాశాను. నాలుగుసార్లు చింపి ఐదోసారి రాశాను. గుర్తు ఏమిటో ఆలోచిస్తే దొరికింది: కొరికే ముందు ఎడమచెవి తమ్మె పట్టుకుని లాగుతాడు. మూడేళ్ళుగా చూస్తున్నాను, ఎప్పుడూ మాటల్లో పెట్టలేదు.

ఈసారి మా వీధి చివర సర్కారు బడికి వెళ్ళాను. రెండు గదులు, 23 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. హెచ్చెమ్ గారు కాగితం రెండుసార్లు చదివారు. ఆటిజమా, ఎంత శాతం, మందులు వాడుతున్నారా, ఇవేవీ అడగలేదు. "శబ్దాలకి భయమంటున్నారు, ఒకటో తరగతి గది పక్కనే మధ్యాహ్న భోజనం వంటగది, డేక్షా మూతలు పడుతూ ఉంటాయి, మరెలాగమ్మా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆవిడ దగ్గరా లేదు. ఇద్దరం వెళ్ళి వంటగది చూసొచ్చాం. వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర "దీన్నేమంటారు?" అని అడిగారు. చెప్పాను.

జూన్ 12న బళ్ళు తెరిచాక మొదటి వారం నన్నూ వరండాలో కూర్చోమన్నారు. అత్తయ్యగారు మాట్లాడటం మానేశారు. మా ఆయన పోయిన బడి ఫీజు రసీదు ఇంకా పర్సులోనే పెట్టుకున్నారు. సదరం స్లాట్ మాత్రం బుక్ చేశాం.

ఉద్దానం_కొబ్బరి

అక్కా, మా ఊరి బళ్ళో వండీ మనిషిని అడిగినాను. మూతలు దించీ కాడ తడిపిన గోనెసంచి పరిత్తే శబ్దం రాదంట. గరిటెలు కూడా దాని మీదే పెట్టుకుంటాదంట.