పాత ఫిల్మ్ కెమెరా వెనక తలుపు అతుక్కుపోయింది, ఎలా తీయాలి?

చెన్నైలో ఉంటాను. 1970ల నాటి 35 ఎంఎం ఎస్‌ఎల్‌ఆర్. రోల్ వెనక్కి చుట్టేశాను, వెలుతురు భయం లేదు. రివైండ్ నాబ్ పైకి లాగితే లాచ్ టక్కుమంటోంది, అటువైపు అంచు వెంట్రుకవాసి లేస్తోంది. అంటే లాచ్ బాగానే ఉంది. వెలుతురు చొరబడకుండా తలుపు గాడుల్లో అతికించే ఫోమ్ ఈ ఉక్కకు తారులా కరిగి పట్టేసింది, కీలు దగ్గర మరీను.

స్క్రూడ్రైవర్‌తో పెకిలిస్తే అంచు వంగి ఎప్పటికీ లైట్ లీకే, అది చేయను. రిచీ స్ట్రీట్‌లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చాను. టూత్‌పిక్‌తో అంచు వెంట చుక్కచుక్కగా వేసి, 10 నిమిషాలాగి, పలచటి ప్లాస్టిక్ ముక్క జరపాలని ఆలోచన. కానీ కరిగిన జిగురు షట్టర్ గుడ్డ తెర మీదికి పాకితే? తలుపు కిందికి ఉండేలా పట్టుకుంటే చాలా? కొత్త ఫోమ్ కీలు దగ్గర 2 ఎంఎం మందం సరిపోతుందా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.