చౌక టికెట్ల ఎయిర్‌లైన్లకు కొత్త ఇంజిన్లు లాభమా, తలనొప్పా?

కిటికీసీటు
కొత్త తరం ఇంజిన్లతో ఎయిర్‌బస్ ఏ320నియో, బోయింగ్ 737 మ్యాక్స్ వచ్చిన దగ్గర్నుంచి చౌక టికెట్ల ఎయిర్‌లైన్లన్నీ ఒకటే మాట చెబుతున్నాయి: పాతవి తీసేస్తున్నాం, కొత్తవి తెస్తున్నాం, ఇంధనం 15 శాతం ఆదా. ఆర్డర్లు కూడా పదుల్లో కాదు, వందల్లో. ఇండిగో 2023లో ఒకే దెబ్బకి 500 విమానాలు అడిగింది. అదే ఏడాది ర్యాన్‌ఎయిర్ 300 మ్యాక్స్ 10లకు ఒప్పందం చేసుకుంది (అందులో సగం ఆప్షన్లే, అంటే కావాలనుకుంటే కొనుక్కునేవి). ఇంకోపక్క ఇలా తెచ్చిన కొత్త విమానాలే ఇంజిన్లు లేక నెలల తరబడి ఎయిర్‌పోర్టు మూలల్లో పడి ఉన్నాయి.

సూటిగా అడుగుతున్నా. పైసా పైసా చూసుకుని నడవాల్సిన సంస్థ కొత్త తరం ఇంజిన్ కోసం ముందు వరసలో నిలబడటం తెలివైన పనేనా? నాలుగైదేళ్లు పాతవి నడుపుకుని, కొత్తవాటి లోపాలన్నీ బయటపడ్డాక కొనుక్కోవడం మేలు కదా? ఎయిర్‌బస్ అభిమానులు, బోయింగ్ అభిమానులు కాసేపు పక్కన కూర్చోండి. లెక్క చెప్పేవాళ్లు కావాలి.

లెక్కలపెట్టె
లెక్క అన్నారు కాబట్టి లెక్కే చెబుతా. పాత ఏ320 గంటకు సుమారు రెండున్నర టన్నుల ఇంధనం తాగుతుంది. అందులో 15 శాతం అంటే 375 కిలోలు. చౌక ఎయిర్‌లైన్ విమానం రోజుకు 12 గంటలు గాల్లో ఉంటుందనుకుంటే, ఒక్క విమానం మీద రోజుకు నాలుగున్నర టన్నులు మిగులు. వంద విమానాలకు, ఏడాదికి మీరే గుణించుకోండి. ఎయిర్‌లైన్ ఖర్చులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఇంధనానికే పోతుంది. ఇందులో 15 శాతం తగ్గిందంటే మొత్తం ఖర్చులో నాలుగైదు శాతం తగ్గినట్టే. ఈ వ్యాపారంలో బాగా నడిచిన ఏడాది లాభమే అంతంత మాత్రం!

సీట్ల సంగతి కూడా చూడండి. ర్యాన్‌ఎయిర్ పాత 737-800లో 189 సీట్లు ఉండేవి, కొత్త 8200లో (మ్యాక్స్‌లోనే ఒక రకం) 197. ఏ321నియోలో 240 దాకా పట్టిస్తున్నారు. అదే ఇద్దరు పైలట్లు. కిలోమీటరుకు సీటు ఖర్చు తగ్గకుండా ఎలా ఉంటుంది? పాతవాటితో కూర్చున్నవాడు పక్కవాడి టికెట్ ధరతో పోటీ పడలేడు. నాకైతే ఇందులో చర్చే లేదు.

హ్యాంగర్_నైట్‌షిఫ్ట్
లెక్కలపెట్టె గారూ, మీ గుణకారంలో "రోజుకు 12 గంటలు" అన్న చోటే ఉంది కిటుకంతా. విమానం ఎగిరితేనే ఆదా. నిలబడితే మిగిలేది అద్దె బిల్లు.

నియోకి పెట్టే రెండు రకాల ఇంజిన్లలో ఒకటైన ప్రాట్ అండ్ విట్నీ గేర్డ్ ఇంజిన్ సంగతి కొంచెం వివరంగా చెబుతా. చాలామంది "కొత్త గేరు పెట్టారు, అది చెడిపోయింది" అనుకుంటారు. కాదు. ముందున్న పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగితే మంచిది, వెనకున్న టర్బైన్ (వేడి వాయువులు తిప్పే బ్లేడ్ల చక్రం) వేగంగా తిరిగితే మంచిది. మధ్యలో దాదాపు మూడింటికి ఒకటి నిష్పత్తితో గేరు పెట్టి రెండింటినీ సంతోషపెట్టారు. ఇంత కొత్త ఆలోచన, ఆ ఫ్యాన్ గేరు మాత్రం బాగానే నడిచింది. ఏళ్ల తరబడి ఏడిపించినవి వేరే: సీళ్లు, కంబస్టర్ (ఇంధనం మండే గది) లోపలి లైనింగ్, లో ప్రెజర్ టర్బైన్ బ్లేడ్లు.

మొదట్లో ఇంకో తమాషా ఉండేది. ఇంజిన్ ఆపాక లోపలి వేడి పైకి చేరి, షాఫ్టు పైభాగం కిందిభాగం కంటే వేడిగా ఉండి, వెంట్రుకవాసి వంగేది. అందుకని స్టార్ట్ చేసేముందు వేడి సమం అయ్యేదాకా ఊరికే తిప్పుతూ కూర్చోవాలి. నిమిషాలు పట్టేది. గేటు దగ్గర 25 నిమిషాల్లో దించి, ఎక్కించి, బయల్దేరదీయాల్సిన సంస్థకు ఆ రెండు మూడు నిమిషాలు ఎంత టెన్షనో రాంప్ మీద నిలబడ్డవాడికే తెలుసు. తర్వాత సాఫ్ట్‌వేర్‌తో, చిన్న మార్పులతో అది తగ్గించారు.

అసలు పిడుగు 2023 జులైలో పడింది. హై ప్రెజర్ టర్బైన్ డిస్కుల్ని (బ్లేడ్లు బిగించే చక్రాల్ని) నికెల్ మిశ్రమ లోహపు పొడిని ఒత్తి, సాగగొట్టి చేస్తారు. 2015 చివరి నుంచి 2021 మూడో త్రైమాసికం దాకా తయారైన పొడిలో ఎక్కడో కంటికి కనిపించని మలినాలు కలిశాయి. అలాంటి చోట పగులు మొదలైతే, డిస్కు ముక్కలైతే, ఆ ముక్కల్ని ఇంజిన్ కవచం ఆపలేదు. కాబట్టి ఇంజిన్ రెక్క నుంచి దించి, పూర్తిగా విప్పి, డిస్కుని అల్ట్రాసోనిక్‌తో వెతకాలి. మాతృసంస్థ ఆర్టీఎక్స్ తానే చెప్పిన గడువు, దించిన రోజు నుంచి మళ్లీ బిగించేదాకా 250 నుంచి 300 రోజులు. 2024-26 మధ్య సగటున 350 విమానాలు నేల మీదే ఉంటాయని అదే ఏడాది సెప్టెంబర్‌లో లెక్క ఇచ్చింది. వీటికి మీ నాలుగున్నర టన్నులు వేసి చూడండి.

మధ్యసీటు_బాధితుడు
అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంది 😀 కొత్త విమానం ఉంది, పైలట్ ఉన్నాడు, టికెట్ కొన్నవాడున్నాడు, ఇంజిన్ లేదు.

లెక్కలపెట్టె
హ్యాంగర్ గారు చెప్పినదంతా నిజమే. కానీ అది ఒక కంపెనీ కార్ఖానాలో జరిగిన తప్పు. దాన్నిబట్టి "కొత్త తరం" మొత్తాన్ని తిట్టడం ఎందుకు? అదే ఏ320నియోకి సీఎఫ్ఎం వాళ్ల లీప్ ఇంజిన్ కూడా ఉంది. ఇండిగో 2019లో అటే మారింది, 280 విమానాలకు లీప్ ఇంజిన్లు ఆర్డరిచ్చింది. ఈజీజెట్ మొదటి నుంచీ లీపే.

పైగా ఆ పొడి సమస్య పాత ఇంజిన్నీ వదల్లేదు. 2020 మార్చిలో వియత్నాంలో ఒక ఏ321 టేకాఫ్ పరుగులో ఉండగా డిస్కు పగిలింది కదా, అది వీ2500 ఇంజిన్. 1980ల డిజైన్. పాతది కాబట్టి భద్రం అనే వాదన అక్కడే తేలిపోయింది.

కాగితం_విమానం
ఇద్దరూ ఇంధనం, ఇంజిన్ అని కొట్టుకుంటున్నారు. ఈ సంస్థలు వందల్లో ఎందుకు కొంటాయో ఒకసారి డబ్బు వైపు నుంచి చూద్దాం.

వందల విమానాలు ఒకేసారి అడిగితే తయారీదారు భారీగా డిస్కౌంట్ ఇస్తాడు. విమానం చేతికొచ్చిన రోజే దాన్ని లీజు కంపెనీకి అంతకంటే ఎక్కువ ధరకు అమ్మేసి, అదే విమానాన్ని అద్దెకు తీసుకుంటారు. మధ్యలో తేడా డబ్బు చేతిలో పడుతుంది. అద్దె గడువు ఆరేళ్లు అనుకోండి. ఏ320కి పెద్ద స్ట్రక్చర్ చెకప్‌లు ఆరేళ్లకు, పన్నెండేళ్లకు వస్తాయి. అంటే పెద్ద ఖర్చు తలుపు తట్టే సమయానికి విమానం తిరిగి ఇచ్చేసి ఇంకో కొత్తది తెచ్చుకుంటారు. ఇదొక చక్రం. చక్రం తిరగాలంటే కొత్త విమానాలు వస్తూనే ఉండాలి. ఇంధనం ఆదా నిజమే, కాదనను, కానీ పత్రికా ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించేది అదొక్కటే.

ఈ చక్రం ఆగితే ఏమవుతుందో ఈ మధ్య చూశాం. కొత్తవి ఆలస్యం, ఉన్నవి నేల మీద. తిరిగి ఇచ్చేయాల్సిన పాత ఏ320ల లీజు పొడిగించుకుని, వాటి చెకప్ ఖర్చులూ భరించి నడిపినవాళ్లున్నారు. సిబ్బందితో సహా వేరేవాళ్ల విమానాలు అద్దెకు తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఆదా ఎక్కడ మిగిలింది?

రెండోచేతి_రెక్క
కిటికీసీటు గారు అడిగిన "పాతవి నడుపుకోవచ్చు కదా" అన్నదాన్ని నిజంగా చేసి చూపించినవాళ్లున్నారు. అమెరికాలో అలీజియంట్. వేరేవాళ్లు వదిలేసిన ఎండీ-80 అనే పాతకాలం విమానాలు చవగ్గా కొంది. అవి ఇంధనం బాగా తాగుతాయి. కానీ విమానం ధర దాదాపు తీరిపోయింది కాబట్టి గిరాకీ లేని రోజు దాన్ని నిలిపేసినా గుండె దడ ఉండదు. సెలవులు, వారాంతాల్లో బాగా తిప్పు, మిగతా రోజుల్లో ఆపు. ఇలా ఏళ్ల తరబడి లాభాల్లో నడిచింది.

లెక్కలపెట్టె గారి సూత్రం తలకిందులు చేస్తే ఇదే వస్తుంది. ఎక్కువ గంటలు ఎగిరేవాడికి కొత్తది, తక్కువ గంటలు ఎగిరేవాడికి పాతది. "చౌక ఎయిర్‌లైన్" అని అందరినీ ఒకే గాటన కట్టకూడదు.

లెక్కలపెట్టె
ఆ కథ సగంలో ఆపారు. 2018 నవంబర్‌లో అలీజియంట్ ఆఖరి ఎండీ-80ని సాగనంపింది. 2022లో 50 మ్యాక్స్‌లు, అవీ ఫ్యాక్టరీ నుంచి వచ్చే కొత్తవి, ఆర్డరిచ్చింది. పాతవాటితో బతకొచ్చని చూపించిన సంస్థే చివరికి కొత్తవాటి దగ్గరికి ఎందుకు వచ్చింది మరి?

రెండోచేతి_రెక్క
వచ్చింది, నిజమే. ఎప్పుడు వచ్చిందో చూడండి. మ్యాక్స్ రెండు ఘోర ప్రమాదాల తర్వాత, 2019 మార్చి నుంచి 2020 నవంబర్ దాకా నిలిచిపోయి, విమాన నియంత్రణ సాఫ్ట్‌వేర్ మార్చుకుని మళ్లీ ఎగిరాక. బోయింగ్ కొనేవాళ్ల కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో. ముందు వరసలో నిలబడలేదు, తొందర తగ్గాక వెళ్లి బేరమాడింది. నేను చెప్పేదీ అదే.

ర్యాన్‌ఎయిర్‌దీ పాత అలవాటే. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత ఎవరూ విమానాలు కొనని సమయంలో, 2002 జనవరిలో వంద 737-800లు ఆర్డరిచ్చింది. అప్పటికి ఆ మోడల్ నాలుగేళ్లుగా ఎగురుతోంది. ఇంజిన్ గుణదోషాలు అందరికీ తెలిసినవే.

కొత్తగా_చేరా
ప్రయాణికుడిగా అడుగుతున్నా, తిట్టకండి. పాత విమానం ఎక్కితే ప్రమాదమా?

హ్యాంగర్_నైట్‌షిఫ్ట్
కాదు. వయసు కాదు, మెయింటెనెన్స్ చూడాలి. ఇరవై ఏళ్ల విమానం శుభ్రంగా చూసుకుంటే శుభ్రంగా ఎగురుతుంది. మీకు తేడా తెలిసేది శబ్దంలో. నియో బయటకూ లోపలకూ బాగా నిశ్శబ్దం. కాళ్లు చాపుకునే జాగా మాత్రం ఏ తరం ఇంజిన్ వచ్చినా పెరగదు.

లెక్కలపెట్టె గారు లీప్ అన్నారు కాబట్టి దాని మీద ఒక మాట. లీప్ కూడా పూలబాట ఏమీ కాదు. ఇంధనం ఆదా ఎక్కడినుంచి వస్తుంది? పెద్ద ఫ్యాన్ ఒకటి, లోపల ఎక్కువ ఒత్తిడి, ఎక్కువ వేడి ఇంకొకటి. అదే కంపెనీ పాత ఇంజిన్ సీఎఫ్ఎం56 ఎంత వేడిలో హాయిగా తిరిగేదో అంతకంటే చాలా ఎక్కువ వేడిలో ఇది తిరుగుతుంది. వేడి, దుమ్ము ఎక్కువున్న చోట టర్బైన్ బ్లేడ్లు అనుకున్నదానికంటే ముందే అరిగాయి. ఇంధన నాజిళ్లలో మసి పేరుకునేది. మార్చిన బ్లేడ్ల కిట్‌కి అమెరికా నియంత్రణ సంస్థ అనుమతి వచ్చింది 2024 చివర్లో. నియో మొదటి ప్రయాణం 2016 జనవరిలో. అంటే దగ్గర దగ్గర తొమ్మిదేళ్లు! ప్రాట్ వాళ్ల మెరుగైన వెర్షన్‌కి 2025 ఫిబ్రవరిలో సర్టిఫికెట్ వచ్చింది. రెండు కంపెనీలకూ ఇంచుమించు ఒకే సమయం పట్టింది.

నా మాట ఇది. ఇంధనం 15 శాతం ఆదా మొదటి రోజు నుంచే వస్తుంది. ఇంజిన్ రెక్క మీద నిలకడగా ఉండటం మాత్రం ఎనిమిది, తొమ్మిదేళ్ల తర్వాత వస్తుంది. మధ్యలో కొన్నవాడు మనకోసం పరీక్ష రాసిపెట్టినట్టే. పెద్ద సంస్థకు స్పేర్ ఇంజిన్లు ఉంటాయి, రకరకాల విమానాలుంటాయి, తట్టుకుంటుంది. ఒకే రకం విమానం, ఒకే ఇంజిన్ పెట్టుకున్న చౌక సంస్థకు ఆ పరీక్ష తప్పితే ఇల్లు గుల్లే.

కాగితం_విమానం
గుల్లయినవాళ్ల పేర్లు కూడా చెప్పుకుందాం. గో ఫస్ట్ 2023 మే మొదట్లో ఆగిపోయింది. తన నియోల్లో సగం దాకా ప్రాట్ ఇంజిన్ల వల్లే నిలిచాయంది, ప్రాట్ ఆ ఆరోపణ ఒప్పుకోలేదు. 2025 జనవరిలో లిక్విడేషన్ (ఆస్తులమ్మి మూసేయమనే) ఉత్తర్వు వచ్చింది. అమెరికాలో స్పిరిట్‌కి ఇంజిన్ కంపెనీ ప్రాట్ నుంచి కోట్ల డాలర్ల పరిహారం దక్కినా, 2024 నవంబర్‌లో ఒకసారి, 2025 ఆగస్టులో ఇంకోసారి దివాలా రక్షణ కోరింది. స్పిరిట్ విషయంలో తప్పంతా ఇంజిన్‌దే అనను, జెట్‌బ్లూతో విలీనం కోర్టులో ఆగిపోవడం కూడా ఉంది. నార్వేజియన్ 787ల్లో రోల్స్ రాయిస్ ట్రెంట్ 1000 ఇంజిన్ బ్లేడ్ల గొడవకి వేరేవాళ్ల విమానాలు అద్దెకు తెచ్చి నడిపింది. అప్పులు, తర్వాత కోవిడ్, 2021 జనవరిలో దూరప్రయాణాలు పూర్తిగా మూసేసింది. ముగ్గురూ చౌక సంస్థలే, ముగ్గురివీ కొత్త విమానాలే.

ఇంకో వింత. ఇంకా కుర్ర వయసులో ఉన్న ఏ320నియోలను కూడా విడదీసి ముక్కలుగా అమ్ముతున్నారు. ఎగిరే విమానం కంటే దాని రెండు ఇంజిన్లకే విలువ ఎక్కువట. లీజు కంపెనీ లెక్కలో ఇది తెలివే. నాకు మాత్రం గుండె చివుక్కుమంది.

లెక్కలపెట్టె
ఆ ప్రాట్ ఇంజిన్లతోనే విజ్ ఎయిర్ నలభైకి పైగా విమానాలు ఆపుకుని కూడా నిలబడింది. ఇండిగో డెబ్భైకి పైగా ఆపుకుని లాభం చూపించింది. ఇంజినే ముంచిందంటే వీళ్లూ మునగాలి కదా? మునిగినవాళ్లకు ముందే చేతిలో డబ్బు లేదు.

ఇక "ఆగి కొందాం" అనే వాళ్లకు నాదొక ప్రశ్న. ఏ320 రకం విమానాలు ఏడు వేలకు పైగా ఆర్డర్లలో పెండింగ్. ఈరోజు అడిగితే 2030ల్లో చేతికొస్తుంది. లోపాలు తేలాక కొంటానంటే మీ వంతు వచ్చేసరికి ఇంకో తరం తలుపు దగ్గర ఉంటుంది. సౌత్‌వెస్ట్‌ని చూడండి, 2019లో రావాల్సిన మ్యాక్స్ 7 కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసింది. ఈలోగా పాత 737-700లు నడుపుతూనే ఉంది.

రెండోచేతి_రెక్క
వరసలో పేరు రాయించుకోవద్దని ఎవరూ అనలేదు. పేరు రాయించుకోండి, డెలివరీ మొదటి రెండేళ్లవి మాత్రం తీసుకోకండి. ఉన్న పాతవాటిని తొందరపడి వదిలేయకండి. కొనే ఒప్పందంలోనే స్పేర్ ఇంజిన్లు, నేల మీద నిలిచిన ప్రతి రోజుకూ పరిహారం రాయించుకోండి. డిస్కౌంట్ కొంచెం తగ్గుతుంది, తగ్గనివ్వండి.

కిటికీసీటు
ఇదే ప్రశ్న మళ్లీ రాబోతోంది కదా. సీఎఫ్ఎం వాళ్లు 2021లో ప్రకటించిన రైజ్ ఇంజిన్, ఫ్యాన్ చుట్టూ కవచమే ఉండదు, 20 శాతానికి పైగా ఆదా అంటున్నారు, 2030ల మధ్యలో తెస్తామంటున్నారు. హ్యాంగర్ గారూ, మీ లెక్క ప్రకారం అది కుదుటపడేది 2040ల్లోనా?

హ్యాంగర్_నైట్‌షిఫ్ట్
చెప్పిన టైమ్‌కి వస్తే. మొదటి వంద విమానాలు ఎవరు తీసుకుంటారో వాళ్ల దగ్గర స్పేర్ ఇంజిన్లు ఎన్ని ఉన్నాయో అడగండి, మిగతాది నేను చెబుతా.

లెక్కలపెట్టె
ఆ మొదటి వందకే అందరికంటే పెద్ద డిస్కౌంట్ ఇస్తారు. తీసుకునేది మళ్లీ చౌక సంస్థే, పందెం.