1980లో 395 డాలర్లకే 13.1 అంగుళాల టెలిస్కోపు ఎలా సాధ్యమైంది?

రోహిణి: కాలిఫోర్నియాలోని కూల్టర్ ఆప్టికల్ కంపెనీ 1980లో ఒడిస్సీ-1 అనే, 13.1 అంగుళాల వ్యాసం గల అద్దం ఉన్న టెలిస్కోపును 395 డాలర్లకు అమ్మిందని చదివాను. అంతకుముందు ఔత్సాహికులలో బాగా పేరుపొందిన 6 అంగుళాల క్రైటీరియన్ ఆర్‌వీ-6 ధరే దాదాపు 195 డాలర్లు. ధర రెట్టింపైతే అద్దం మీద పడే కాంతి దాదాపు 4.8 రెట్లు పెరిగింది. అద్దం తయారీలో కొత్త పద్ధతి ఏదైనా కనుగొన్నారా? తెలిసినవారు వివరించగలరు.

అభిజిత్: రోహిణి గారూ, ధర తగ్గింది ప్రధానంగా అద్దం దగ్గర కాదు, దాన్ని మోసే మౌంట్ దగ్గర. భూభ్రమణాన్ని అనుసరిస్తూ తిరిగే ఈక్వటోరియల్ మౌంట్‌కు బరువైన లోహపు ఇరుసులు, గేర్లు, మోటారు కావాలి; అద్దం పెద్దదయ్యేకొద్దీ వాటి బరువూ ఖరీదూ బాగా పెరుగుతాయి. ఈ చిక్కును విప్పినవారు జాన్ డాబ్సన్. ఆయన 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని రామకృష్ణ సంప్రదాయపు వేదాంత మఠంలో చేరి, చేతిలో డబ్బు లేని సన్యాసి కనుక, ఓడల కిటికీల గాజును అరగదీసి అద్దాలు చేసుకున్నారు. గొట్టానికి కాంక్రీటు స్తంభాలు పోయడానికి వాడే అట్టగొట్టం, పీఠానికి ప్లైవుడ్ సరిపోయాయి. మనం సన్‌మైకా అని పిలిచే రకం పలక మీద టెఫ్లాన్ ముక్కలు జారేలా అమర్చితే, కదలడం మొదలుపెట్టడానికి కావలసిన బలానికీ కదులుతూ ఉండడానికి కావలసిన బలానికీ పెద్ద తేడా ఉండదు; అందుకే అంత పెద్ద గొట్టం కూడా వేలితో తోస్తే కుదుపు లేకుండా జరిగి, వదిలిన చోటనే నిలుస్తుంది. 1967లో మఠం నుంచి బయటికి రావలసి వచ్చిన తరువాత కూడా ఆయన కాలిబాటల మీద జనానికి ఆకాశం చూపిస్తూనే ఉన్నారు. ఈ నమూనాకు పేటెంటు తీసుకోలేదు. కూల్టర్ దాన్నే కర్మాగార స్థాయికి తీసుకువెళ్లింది.

స్వాతి: అభిజిత్ గారు చెప్పింది నిజమే కానీ అద్దం విషయంలోనూ సర్దుబాట్లు ఉన్నాయి. కూల్టర్ వారు అప్పటికే ఔత్సాహికులకు అద్దాలు అమ్ముతున్నవారు. ఒడిస్సీకి పలుచని గాజు వాడి, నాభ్యంతరాన్ని (అద్దం నుంచి కాంతి ఒకచోట చేరే బిందువు దాకా ఉన్న దూరాన్ని; గొట్టం పొడవు దాదాపు దీన్నే బట్టి ఉంటుంది) వ్యాసానికి 4.5 రెట్లకే పరిమితం చేశారు. అంటే సుమారు 59 అంగుళాలు. అదే 8 రెట్లయితే దాదాపు 105 అంగుళాలై, ఆకాశం నడినెత్తిన చూడాలంటే నిచ్చెన ఎక్కవలసి వచ్చేది. అద్దాల నాణ్యత ఒకదానికొకటి సమానంగా ఉండేది కాదన్నది కూడా అందరూ ఒప్పుకునే మాటే.

రోహిణి: అయితే చౌక కోసం నాణ్యతను వదులుకున్నట్టే కదా?

అభిజిత్: నేను అలా అనుకోను. 50 డిగ్రీల దృశ్యక్షేత్రం గల ఐపీస్‌తో (కన్ను పెట్టి చూసే కటకంతో) 200 రెట్లు పెంచి చూస్తే, మోటారు లేని టెలిస్కోపులో గ్రహం ఒక్క నిమిషంలో దృశ్యక్షేత్రం దాటిపోతుంది. అద్దంలోని చిన్న లోపం బయటపడేది కూడా ఆ స్థాయిలోనే. 60 రెట్ల వద్ద మూడు నిమిషాలకు పైగా సమయం ఉంటుంది, లోపమూ అంతగా కనిపించదు. ఆ టెలిస్కోపు ఉద్దేశించింది గెలాక్సీల కోసం, నక్షత్ర గుచ్ఛాల కోసం. అక్కడ కావలసింది కాంతి. సియెర్రా కొండల దిగువన ఒక మిత్రుడి పాత ఒడిస్సీలో ఎం13 అనే గోళాకార నక్షత్ర గుచ్ఛాన్ని చూశాను. ఎర్రటి అట్టగొట్టం అంచు పట్టుకుని తోస్తుంటే, చిన్న టెలిస్కోపులో నాకు ఎప్పుడూ పొగమరకలా కనిపించిన ఆ గుచ్ఛం, మధ్యభాగం దాకా విడివిడి నక్షత్రాలుగా విచ్చుకుంది. అదే రాత్రి గురుగ్రహాన్నీ చూశాం, పట్టీలు మాత్రం కొంచెం మెత్తగానే ఉన్నాయి.

స్వాతి: ఆ లోటును తరువాతివారు తీర్చారు. ఒబ్సెషన్ వంటి కంపెనీలు విడదీయగల ట్రస్ గొట్టాలతో (కడ్డీల చట్రాలతో), మంచి అద్దాలతో పెద్ద డాబ్సోనియన్లు, అంటే డాబ్సన్ నమూనా టెలిస్కోపులు, చేశాయి, ధర మాత్రం ఎక్కువ. చౌకనూ నాణ్యతనూ దగ్గరికి తెచ్చింది తైవాన్, చైనా కర్మాగారాలు. ఈ రోజు 8 అంగుళాల డాబ్సోనియన్ కొనేవారికి అద్దం గురించి దిగులు చాలావరకు అక్కరలేదు. చాలావాటి పీఠంలో మాత్రం ఇప్పటికీ అదే చెక్కపలక, అదే టెఫ్లాన్.